ఊపిరికి నెగెటివ్ మార్కు

2024 ఆగస్టు 4, ఆదివారం సాయంత్రం ర్యాప్ పోటీ ఫ్లోలో, అంటే పాట ధారలో, జోస్నాకు వచ్చిన మార్కులు నలభైకి మైనస్ రెండు పాయింట్ అరవై ఆరు. పోటీకి రాకుండా ఇంట్లో పడుకుని ఉన్నా ఆమెకు అంతకంటే ఎక్కువే వచ్చేవి.

మార్కులు చదివి వినిపించినవాడు చక్రపాణి. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో అంకగణితం చెబుతాడు. అక్కడి మూడో అంతస్తు గదిలో, గ్రాండ్ టెస్ట్ రాసిన పిల్లలు వెళ్లిపోయాక, సగం చెరిపిన లాభనష్టాల లెక్క కింద నిలబడి, అచ్చు వేసిన మార్కుల పట్టికను గంభీరంగా పట్టుకున్నాడు. ర్యాప్ పాటకు మార్కుల పట్టిక ఏమిటని బయటివాళ్లకు అనిపించవచ్చు. ఆ వీధిలో ఎవరికీ అనిపించదు. పదేళ్లుగా పోటీ పరీక్షల మధ్య బతికినవాళ్లకు ఇడ్లీలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాలన్నా నాలుగు ఆప్షన్లు కావాలి.

పిల్లర్ బ్యాచ్ అని పేరు పెట్టుకున్న ఆ ర్యాప్ గుంపుకు చక్రపాణే పెద్ద. తాను ఒక్క లైను కూడా ఎన్నడూ పాడలేదు. కారణం అడిగితే, చీఫ్ ఎగ్జామినర్ పరీక్ష రాయడని చెప్పేవాడు. బ్యాచ్ తరఫున ఆరు చరణాల పాట ఒకటి తయారవుతోంది. ఐదు చరణాలు రికార్డయ్యాయి. ఆరోదానికి ముగ్గురు పోటీపడ్డారు. సెల్‌ఫోన్ కవర్ల దుకాణంలో పనిచేసే అభిలాష్‌కు వందకు డెబ్బై ఒకటి. బీట్లు తయారుచేసే చంటికి ముప్పై ఎనిమిది. జోస్నాకు లిరిక్‌లోనూ ప్రెజెంటేషన్‌లోనూ వచ్చిన కాసిని మార్కుల్లోంచి ఈ మైనస్ తీసేయగా, పద్దెనిమిది చిల్లర.

జోస్నాకు ఆ ఆరో చరణం కావాలి. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. కోచింగ్ సెంటర్ల సందులోని జిరాక్స్ దుకాణంలో స్పైరల్ బైండింగ్ చేస్తుంది. రెండేళ్లుగా రాసి, కొట్టేసి, మళ్లీ రాసుకున్న పన్నెండు లైన్లు ఆమె దగ్గర ఉన్నాయి. ఆమె గొంతు ఇంతవరకూ ఏ పాటలోనూ రికార్డు కాలేదు. ఈ పాటలో కాకపోతే మరెక్కడ అవుతుందో ఆమెకు తెలియదు. అందుకే ఆమె ముఖంలో ఏడుపు బదులు వెటకారం కనిపించింది. ఆమెకు ఏది గట్టిగా కావాలనిపించినా పైకి వెటకారంగానే వచ్చేది.

"సార్, మైనస్ ఎట్లొచ్చిందో జర సమజ్ చేయుండ్రి," అంది.

"చూడమ్మా, చాలా సింపులండీ," అన్నాడు చక్రపాణి. అతడిది ఇరవై ఏళ్ల కిందట తెనాలి వైపు నుంచి వచ్చి కొత్తపేటలో స్థిరపడిన కుటుంబం. "అమ్మా" అన్న నోటితోనే "అండీ" కూడా అనేస్తాడు. "ఒక లైన్లో పదహారు అక్షరాలు దాటితే, దాటిన ప్రతి అక్షరానికీ ఒక మార్కు. మీకు ఒక్క లైనూ దాటలేదు. మధ్యలో ఊపిరి వినబడినా, ఖాళీ వదిలినా మూడో వంతు కోత. ఎనిమిది చోట్ల వదిలారు. ఎనిమిది బై మూడు. మీరే చేసుకోండి."

"ఖాళీ కావాల్నని ఇడిచిన సార్."

"ఎందుకమ్మా?"

"వినేటోళ్లు నవ్వనీకి."

"నవ్వడానికి మార్కులు లేవండీ."

చంటి తల దించుకుని నవ్వుకున్నాడు. జోస్నా వదల్లేదు. "మీ పరీక్షల్ల ఇడిచిపెట్టిన ప్రశ్నకు మైనస్ ఉండది గద సార్? తప్పు రాస్తెనే గద కోత? మరి నేను తప్పు రాయలే, ఇడిచిపెట్టిన. నాకెందుకు కోసిన్రు?"

చక్రపాణి పట్టికను ఒకసారి తిప్పి వెనకవైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. "అది అబ్జెక్షన్‌గా పెట్టుకోమ్మా. రాతపూర్వకంగా. బుధవారం దాకా గడువు. ఆధారం జతచేయాలి," అన్నాడు.

మెట్ల మీద అభిలాష్ ఆమెను అందుకున్నాడు. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో కిరాయికుంటున్న ఇంటి పిల్లవాడు. తండ్రి మట్టయ్య బాటసింగారం పండ్ల మార్కెట్‌కు లారీ నడుపుతాడు. ఇరవై రెండేళ్లవాడు కాబట్టి ఆమెను అక్క అంటాడు.

"అక్కా, ఫీల్ గాకు. ఫ్లో అంటే మెట్రో లెక్క ఉండాలె. సర్రుమని పోవాలె."

"మెట్రో గూడ స్టేషన్ కాడ ఆగుతది రా. ఆగకపోతే ఎవలెక్కుతరు?"

"నువ్వు ఎవ్వని పాటనన్న ఒక్కపారి మంచిగుందన్నవా అక్కా ఎన్నడన్న?"

"మంచిగుంటే అంట. నీదేమో గల్లీల, ఢిల్లీల, పిల్లీల, మల్లీల, బల్లీల... బల్లి ఎందుకొచ్చిందిరా మధ్యల?"

"రైమ్ కొరకు."

"బల్లి వచ్చి పోయింది. నువ్వేం చెప్పినవో ఒక్కనికి తెల్వలే."

ఆ మాట అనడానికి ఆమెకు అర్హత ఉంది. అది వచ్చిన చోటు ర్యాప్ కాదు, మన్సూరాబాద్‌లోని ఒక ఇరుకు హాల్లో జరిగే ప్రార్థనా కూటమి. తల్లి రెబెక్క అక్కడ పాటలు అందిస్తుంది. పల్లెల నుంచి వచ్చిన పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు; పాటల పుస్తకం చేతిలో ఉన్నా అది విసనకర్రగానే పనికొస్తుంది. అందుకని ఒక లైను పాడటం ముగిసి రెండోది ఎత్తుకునే సందులో, అందరూ ఊపిరి పీల్చుకునే ఆ క్షణంలో, పాడించే మనిషి తర్వాతి లైనును మాటల్లో చెప్పేయాలి. తాళం తప్పకూడదు. ఒక్క మాట కూడా మింగకూడదు. విన్న మరుక్షణం ఆ ముసలివాళ్లు దాన్ని తిరిగి పాడాలి కాబట్టి, అర్థం కాకపోతే హాలంతా గొణుగుడై పోతుంది. తొమ్మిదో తరగతిలో తల్లికి గొంతు పట్టేసినప్పుడు జోస్నా మొదటిసారి లైన్లు అందించింది. పోటీలో గెలవాలన్నట్లు గబగబా చదివింది. ముందు వరుసలోని అమ్మాజీ అనే ముసలామె పాట మధ్యలోనే ఆపేసి, "నువ్వు ఉరుకుతున్నవా, చెప్తున్నవా బిడ్డా?" అని అందరి ముందూ అడిగింది. ఆ సిగ్గు వల్ల నేర్చుకున్నది ఏ క్లాసులోనూ ఎవరూ ఆమెకు చెప్పలేదు.

అందుకే బుధవారం ఆమె వాట్సాప్ గ్రూపులో పెట్టిన అభ్యంతరం పొట్టిగా ఉంది. అభ్యంతరం: ఫ్లో పేపరు మొత్తం. ఆధారం: వినేవాళ్లు.

చక్రపాణి జవాబు అరగంటలో వచ్చింది. "ఆధారం చెల్లదు. వినేవాళ్లు సిలబస్‌లో లేరు."

దాని కింద ఆమె రాసింది: "చేర్చుండ్రి. పరీక్ష పెట్టుండ్రి."

పరీక్ష అన్న మాట వింటే చక్రపాణికి చేతులు ఆగవు. నాలుగు నోటిఫికేషన్లు రాసి నాలుగూ పోగొట్టుకున్నవాడు. ఆ నష్టాన్ని ఇతరులకు పరీక్షలు పెట్టి తీర్చుకుంటున్నాడని జోస్నా నమ్మకం. అదే రోజు అతడు పైలట్ టెస్టుకు నియమావళి తయారుచేశాడు. వేదిక: రెబెక్క వంట చేసే లేడీస్ హాస్టల్ భోజనాల గది. సమయం: శనివారం మధ్యాహ్నం భోజనం ముగిసిన వెంటనే. పాల్గొనేవారు: పరీక్షలకు చదువుకుంటున్న ముప్పై నాలుగు మంది అమ్మాయిలు. పోటీ రోజున ఫోన్లో పట్టుకున్న అభిలాష్ చరణం, జోస్నా చరణం ఒక్కోసారి మాత్రమే స్పీకర్లో వినిపిస్తారు. ఎవరివో చెప్పరు. గుర్తున్నంత మటుకు కాగితం మీద రాయాలి. మాట్లాడితే కాగితం లాక్కుంటారు.

శనివారం అమ్మాయిలు పప్పు మెతుకులు అంటిన చేతులు కడుక్కుని, చిత్తు కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. మొదట అభిలాష్ గొంతు వచ్చింది. పదహారు లైన్లు, ఎక్కడా ఊపిరి వినబడదు, బోరు మోటారు వేసినట్లే. పెన్నులు గాలిలో ఆగిపోయాయి. తర్వాత జోస్నా చరణం వచ్చింది. దాని మధ్యలో నాలుగు లైన్లు ఇవి:

స్పైరల్ దుకాణంల నా నౌకరి
నీ బుక్కు అట్ట తీస్తే నాకెర్కే నీ సంగతి
మొదటి పది పేజీలకు చెమట మరక
పదకొండు నుంచీ...

అక్కడ బీట్ ఒక్కటే నడిచింది. రెండు దెబ్బలు, మూడు. బెంచీల మీద ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పటికే ఎవరి పుస్తకం వాళ్లకు గుర్తొచ్చింది.

పెండ్లి చీర లెక్క, మడత చెరగక.

గది గొల్లుమంది. మాట్లాడరాదన్న నియమాన్ని ముప్పై నాలుగు మందీ ఒకేసారి ఉల్లంఘించారు. చక్రపాణి ఎవరి కాగితం లాక్కోవాలో తెలియక అందరివీ తీసుకున్నాడు.

లెక్క అక్కడే తేలింది. జోస్నా పాడిన ఆ నాలుగింటిలో చివరి రెండు లైన్లను ముప్పై ఒక్క మంది ఉన్నదున్నట్లు రాశారు. వాళ్లలో ఇరవై ఆరుగురు ఖాళీ ఉన్న చోట గీతో చుక్కలో పెట్టారు. ఎవరూ అడగకుండానే ఆ ఖాళీని కూడా కాగితం మీదికి ఎక్కించారు. అభిలాష్ చరణంలో ఒక్క లైను కూడా పూర్తిగా ఎవరికీ అందలేదు. ఇరవై తొమ్మిది మంది మాత్రం "బల్లి" అని రాశారు.

గిన్నెలు సర్దుతున్న రెబెక్క ఇటు తిరిగి, "గా పిలగాడు ఊపిరి పీల్చలే, మనల పీల్చనియ్యలే. నీళ్లన్న తాపుండ్రి వానికి," అంది.

జోస్నాకు ఆ క్షణంలో గర్వం పొంగి ఉండాలి. పొంగింది కూడా. కానీ కాగితాల్లో ఒకటి ఆమెను ఆపింది. ఒక అమ్మాయి మొదట వినిపించిన చరణం కింద "గాజు చప్పుడు??" అని రెండు ప్రశ్నార్థకాలతో రాసింది. జోస్నా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అతడి చరణాన్ని మెల్లగా, సగం వేగంతో విన్నది. తొమ్మిదో లైను: అమ్మ చేతి గాజు చప్పుడే నాకు అలారం. తెల్లారకముందే పనికి బయల్దేరే సైదమ్మ, అంటే అతడి తల్లి, ఆ ఒక్క లైన్లో పూర్తిగా ఉంది. దానికి ముందు ఢిల్లీ, వెనక బల్లి. ఏడాదిగా పక్కనే కూర్చుని వెక్కిరిస్తున్న తనకు కూడా ఆ లైను వినబడలేదు. వినలేదన్న సంగతి ఆమెకు నచ్చలేదు.

ఆదివారం ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్ కింది చాయ్ హోటల్లో తీర్పు. చక్రపాణి ఇరానీ చాయ్ ముట్టకుండా, కాగితాల దస్తా బల్ల మీద సర్ది, గొంతు సవరించుకున్నాడు.

"ఫలితాలు పరిశీలించాను. జోస్నా గారి లైన్లు ఎక్కువమందికి గుర్తున్నాయి. ఒప్పుకుంటున్నాను. అంటే ఏమిటన్నమాట? పేపరు ఈజీ అన్నమాట."

"ఏమన్నరు?" అంది జోస్నా.

"రెండు షిఫ్టుల్లో పరీక్ష జరిగితే ఈజీ షిఫ్టు వాళ్ల మార్కులు తగ్గిస్తారు కదమ్మా. నార్మలైజేషన్. అభిలాష్ పేపరు టఫ్. ఒక్కరికీ అందలేదు. కాబట్టి అతడి మార్కులు పెరుగుతాయి. డెబ్బై ఒకటి కాస్తా డెబ్బై ఎనిమిది."

చంటి చాయ్ సాసర్‌లోకి కక్కాడు. "అంటే అన్నా, ఎవ్వనికి సమజ్ గాకపోతే వాడే గొప్ప రైటరా?"

"లిరిసిజం అంటే అదేనయ్యా. సాంద్రత. లైనుకు నాలుగు ప్రాసలు. వినగానే అర్థమైతే అది కవిత్వం కాదు, అనౌన్స్‌మెంటు."

"గట్లనుకుంటే మా ఓనరు చేతిరాతే గొప్ప కవిత్వం సార్," అంది జోస్నా. "నాలుగేండ్ల సంది చూస్తున్న, ఒక్క ముక్క సమజ్ గాలే. సార్, మీరు లెక్క చెప్తరు గద. పిలగాండ్లకు అర్థం గాకుంట చెప్తే మీకు జీతం పెంచుతరా? మనం ఎవలికో ఒకలికి చెప్తున్నం. వాళ్లకు చేరాలె, వాళ్ల నోట్లకెళ్లి మళ్ల రావాలె. తిరిగొస్తే ఫ్లో. రాకపోతే వట్టి ఊపిరాట. ప్రాస ఎన్నిసార్లు తాకిందని గాదు, ఏడ తాకిందని చూడాలె."

"ఇది మీ అభిప్రాయమమ్మా. ఆన్సర్ కీ మారదు."

అభిలాష్ ముఖంలో గెలిచినవాడికి ఉండాల్సిన వెలుగు లేదు. జోస్నా అతడి వైపు తిరిగింది. వెటకారం అలవాటైన గొంతును ఎటు తిప్పాలో తెలియక, కాస్త కటువుగానే అంది: "ఆ గాజుల లైను మంచిగుంది రా. దాన్ని నువ్వే తొక్కినవ్."

అభిలాష్ ఆమెను అనుమానంగా చూశాడు. తర్వాత చాయ్ గ్లాసు లోపలికి చూశాడు. "నిజంగనా అక్కా?"

"నేను ఉట్టిగనే అంటనా ఎన్నడన్న?"

అనదు. అది అందరికీ తెలుసు. అయినా కీ మారలేదు. చరణం అభిలాష్‌కే ఖాయమైంది. అంతా లేచి, ఎవరి దారిన వాళ్లు షేర్ ఆటో ఎక్కారు. మన్సూరాబాద్ వెళ్లే ఆటోలో జోస్నా, రెండేళ్ల పన్నెండు లైన్లను ఇక ఏ దస్తాలో కుట్టి పెట్టుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చుంది. ఓడిపోయినందుకు కాదు, ఓడించినవాడు ఇంత తెలివితక్కువ వాడైనందుకు ఆమె ఒళ్లు మండింది.

మరుసటి వారం, బుధవారం మధ్యాహ్నం, చైతన్యపురిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉన్న రికార్డింగ్ గదిలో అభిలాష్ పద్నాలుగు సార్లు మొదలుపెట్టి, పద్నాలుగు సార్లూ తొమ్మిదో లైను దగ్గర ఆగాడు. పోటీ రోజున ఆగకుండా దాటిన చోటే. ఇప్పుడు ఆ లైనును మెల్లగా చెప్పాలని చూస్తే ముందువెనకల లైన్లు కూలిపోతున్నాయి. వేగంగా చెబితే తల్లి కనబడకుండా పోతోంది. ముక్కలు ముక్కలుగా తీసి అతికిద్దామన్నాడు రికార్డు చేసే మనిషి. అతికించి వినిపించాడు కూడా. ఎక్కడా ఊపిరి తీయని ఆ గొంతు బస్టాండులో మైకు అరిచినట్లుంది. అభిలాష్ హెడ్‌ఫోన్లు తీసి, చక్రపాణికి ఫోన్ చేసి స్పీకర్ నొక్కాడు.

"అన్నా, సీటు నాకొద్దు. అన్‌విల్లింగ్ రాసుకో."

ఉద్యోగం వచ్చినవాడు వద్దంటే ఏం జరుగుతుందో ఆ వీధిలో పసిపిల్లలకు కూడా తెలుసు. మెరిట్ జాబితాలో తర్వాతివాడిని పిలవాలి.

"ఆలోచించుకోవయ్యా," అన్నాడు చక్రపాణి.

"ఆలోచించిన. నా చరణం మళ్ల రాసుకుంట. దాన్ల బల్లి ఉండది."

"అయితే రూలు ప్రకారం చంటిని పిలవాలి."

"నేను ఈడనే ఉన్న అన్నా, మిషిని కాడ," అన్నాడు చంటి. "నేను గూడ అన్‌విల్లింగ్."

ఫోన్లో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినబడింది. తాను రాసుకున్న నియమాలను తాను తప్పలేని మనిషి చక్రపాణి. అతడిలో మెచ్చుకోదగింది ఏదైనా ఉంటే అదొక్కటే. "జాబితాలో ఇంకెవరున్నారు?" అని తెలియనట్లు అడిగాడు. చంటి జోస్నా పేరు చెప్పాడు. "సరే. ఇద్దరి దగ్గరా సంతకాలు తీసుకుని ఫొటో పెట్టండి," అని పెట్టేశాడు.

జోస్నా దుకాణంలో గంట అనుమతి అడిగి వచ్చింది. జుట్టు మీద కాగితం నలుసులు అలాగే ఉన్నాయి. మైకు ముందు నిలబడక ముందే, "సందులు కోయొద్దు," అంది. రికార్డు చేసే మనిషి తలూపాడు. మొదటిసారి గబగబా ఉరికింది. రెండోసారి ఉరకలేదు. పదకొండు దగ్గర ఆమె ఆగినప్పుడు అద్దం అవతల అభిలాష్ నోరు మూసుకుని, పక్కటెముకలు పట్టుకుని నవ్వాపుకున్నాడు.

ఆదివారం పాట వచ్చింది. కింద చక్రపాణి స్వయంగా టైపు చేసిన పేర్ల పట్టిక ఉంది. మొదటి చరణం నుంచి ఐదో చరణం వరకూ పాడినవాళ్ల పేర్లు మామూలుగానే ఉన్నాయి. చివరి లైను మాత్రం ఇలా ఉంది: ఆరవ చరణం, జోస్నా, తాత్కాలిక ఎంపిక, ధ్రువపత్రాల పరిశీలనకు లోబడి.